జోడీతో సింగరాయకొండ దాకా

వెళ్ళొచ్చి పది రోజులు కావస్తోంది. వీధిలో కనపడిన ప్రతివాళ్ళదీ అదే ప్రశ్న. "ఏం మస్తానమ్మా, ఆ పిల్లలందర్నీ వేసుకుని బస్సుల్లో అంత దూరం వెళ్ళారంటగా, ఏ గొడవా కాలేదా?" అని. కాలేదని ఎవరన్నారు? బోలెడయ్యాయి. అందులో పెద్దది నా వల్లే అయింది. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పేసరికి గొంతు పోతోంది కాబట్టి, రానివాళ్ళందరి కోసం ఒకేసారి రాసేస్తున్నాను. ముఖ్యంగా "మా వాణ్ణి పంపమండీ, భయం" అని తలుపు చాటునుంచే చెప్పేసిన తల్లులు ఇది చదవాలి.

తెలియనివాళ్ళకి మా సంగతి కొంచెం చెప్తాను. మాది పొన్నూరు. పరుపులూ దిండ్లూ కుట్టే కొట్టు మాది. తాతల నాటి నుంచీ దూది ఏకడమే మా ఇంటి పని. మా సైదాకి పద్దెనిమిదేళ్ళు. మేధో వైకల్యం ఉన్న పిల్ల. చదువు అక్షరాల దగ్గరే ఆగిపోయింది. ఇలాంటి పిల్లలకి పనులు నేర్పే శిక్షణ కేంద్రం మా ఊళ్ళో ఒకటుంది, అక్కడికి వెళ్తుంది. మిరపకాయలకి తొడిమలు తీయడం, కాగితం కవర్లు అంటించడం, దిండ్లు కూరడం నేర్పుతారు. దాంతోపాటు నలుగురిలో మసలడం కూడా నేర్పుతారు. వరసలో నిలబడటం, కావలసింది నోరు తెరిచి అడగడం, బస్సెక్కడం, ఇలాంటివి.

దిండు కూరడంలో మా సైదా తర్వాతే ఎవరైనా. తల్లిని కాబట్టి గొప్పలు పోతున్నాననుకోకండి. అది ముందు నాలుగు మూలలూ పిడికిలితో నొక్కి నొక్కి నింపుతుంది, ఆ తర్వాతే మధ్యకి వస్తుంది. మూల ఖాళీగా ఉంటే దిండు నెల తిరక్కుండా ముద్దయిపోతుంది. ఇరవై ఏళ్ళుగా ఈ పనే చేస్తున్న మా ఆయన కూడా తొందరలో మూలలు వదిలేస్తాడు గానీ సైదా వదలదు.

ఉన్నదొక్కటే లోటు. బయటివాళ్ళ ముందు నోరు విప్పదు. ఇంట్లో మాట్లాడుతుంది, కేంద్రంలో నాలుగు మాటలంటుంది. గడప దాటితే లేదు. ఆ లోటు నేను తీరుస్తూ వచ్చాను. దేవుడు నాకు ఇద్దరికి సరిపడా నోరిచ్చాడు. దాన్ని ఎవరేమడిగినా సమాధానం నేనే. నోరు నాది, చేతులు దానివి, అలా నడిచిపోయేది.

కేంద్రంలో వసుంధర టీచరు ఏటా పెద్ద పిల్లల్ని మూడు రోజులు ఊళ్ళు తిప్పుకొస్తుంది. వ్యానులో కాదు, ఆర్టీసీ బస్సుల్లో. ఆ తిరగడమే పాఠం అంటుంది. ఈసారి సింగరాయకొండ దాకా, సముద్రం చూడటానికి. పిల్లలు ఏడుగురు. ఇద్దరిద్దర్ని జోడీ కడితే చివరికి సైదా మిగిలింది.

"సైదాకి మీరే జోడీ మస్తానమ్మ గారూ" అంది టీచరు. "అయితే అమ్మలాగా రాకండి, జోడీలాగా రండి. రూలు రెండే రెండు. జోడీ కూర్చునేదాకా మనం కూర్చోకూడదు. జోడీ బదులు మనం మాట్లాడకూడదు."

మొదటిది సరే. రెండోది విని మా ఆయన పడీ పడీ నవ్వాడు.

గుంటూరు

బస్సెక్కిన పావుగంటకే రెండో రూలు పోయింది. ఇప్పుడు ఆడవాళ్ళకి సున్నా టిక్కెట్టు కదా, ఆధార్ చూపించి ఊరి పేరు చెబితే చాలు. మా జట్టులో హర్ష అని ఒకడున్నాడు, వాడు బస్సు కదలకముందే తన పేరు, వాళ్ళ నాన్న పేరు, వాళ్ళ గేదె పేరు కూడా కండక్టరుకి చెప్పేశాడు. సైదా దగ్గరికి వచ్చాడు కండక్టరు. అది కార్డు చూపించింది.

"ఎక్కడికమ్మా?"

"గుంటూరండీ" అన్నాను నేను.

ముందు సీట్లోంచి టీచరు వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. నేను కిటికీలోంచి వరి మాగాణులు చూస్తున్నట్టు నటించాను.

గుంటూర్లో దిగి ఇడ్లీ తిన్నాం. మా ఊళ్ళో ఇడ్లీకి చట్నీ ముందొస్తుంది, ఇక్కడ నెయ్యి కారప్పొడి ముందొచ్చింది. ఆ కారానికి హర్షకి ఎక్కిళ్ళు పట్టుకుని చెట్ల బజారు దాటేదాకా తగ్గలేదు. అక్కడినుంచి అసలు పని మీద సాంబశివరావు గారి షెడ్డుకి వెళ్ళాం. ఆయన ఆసుపత్రులకీ లాడ్జీలకీ దిండ్లూ పరుపులూ తయారుచేసి పంపుతాడు. పనివాళ్ళు కావాలని టీచరుతో ముందే అన్నాడట. అప్పుడే చెప్పింది నాకు టీచరు, సైదాకి అక్కడ ఉద్యోగం అడుగుదామని. ఉద్యోగం! మా సైదా నెల జీతం తెచ్చుకుంటుందని కలలో కూడా అనుకోలేదు నేను.

ఆయన మా ఇద్దర్నీ చాప మీద కూర్చోబెట్టి, దిండుకి తొడిగే గలీబు ఒకటి, ఒక గంపెడు దూది ఇచ్చి సైదాని కూరమన్నాడు. సైదా మూలలు నింపడం మొదలుపెట్టగానే ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. దిండు పూర్తయ్యాక చేత్తో నొక్కి, తిప్పి, మళ్ళీ నొక్కాడు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

"నేనేనండీ" అన్నాను.

"ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావ్?"

"చిన్నప్పట్నుంచీ అండీ. మా ఇల్లంతా ఈ పనే కదండీ..."

"అమ్మా" అన్నాడాయన మర్యాదగానే. "నేనడిగేది మిమ్మల్ని కాదు."

సైదా తల వంచుకుని గలీబు దారం చుట్టుకుంటోంది. ఆయన మళ్ళీ అడిగాడు. అది పలకలేదు. ఆయనకి కోపం రాలేదు గానీ మొహం మాత్రం మారింది.

"పనికి వంక పెట్టడానికి లేదండీ టీచర్ గారూ. కానీ చూడండి, అక్కడ దూది ఏకే మిషన్ తిరుగుతోంది. పక్కనామె కొంగు బెల్టులో పడబోతే ఈ పిల్ల కేక వేస్తుందా? తనకి జ్వరమొస్తే చెప్తుందా? వాళ్ళమ్మ పొన్నూర్లో ఉంటుంది, నా షెడ్లో ఉండదుగా."

నేను టీచరు మొహం చూశాను.

"తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ రండి" అన్నాడు. "అమ్మ చెప్తే కాదు, టీచరు చెప్తే కాదు. తనంతట తాను నాతో ఒక్క మాట మాట్లాడితే సోమవారం నుంచే పెట్టుకుంటాను. పొన్నూరు వైపు నుంచి మా నాగూర్‌బీ రోజూ వస్తుంది, ఆమెతో రావొచ్చు."

అలా మొదటిరోజు పొద్దున్నే నా ప్రయాణానికి రుచి పోయింది. సముద్రం ఎవడికి కావాలి?

ప్రత్తిపాడు

అయినా ప్రత్తిపాడు నన్ను నవ్వించింది. టీచరుకి తెలిసిన రైతు కోటేశ్వరరావు గారింట్లో ఆ రాత్రికి మా మకాం. మధ్యాహ్నమే పొలానికి తీసుకెళ్ళాడు. మా డెల్టాలో కల్లం అంటే వడ్లు. ఇక్కడ కల్లం అంటే మిరపకాయలు. నల్లరేగడి మీద టార్పాలిన్లు పరిచి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఎర్రగా ఆరబోశారు. దిగీ దిగగానే అందరికీ తుమ్ములే. కోటేశ్వరరావు గారు మాత్రం మామూలుగా ఊపిరి పీలుస్తూ, "ఏవండీ, మీకు మా ఊరు గాలి పడలేదల్లే ఉందే" అని పరాచికాలాడాడు.

నన్నూ టీచర్నీ పందిరి కింద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. పత్తి రేటు గురించీ, కూలీలు దొరకని కష్టం గురించీ ఆయన చెప్తుంటే మేం వింటున్నాం. పిల్లలు ఎక్కడా చప్పుడు లేదు. ఎంత బుద్ధిమంతులో అని నేను మురిసిపోతున్నాను.

"ఓరి నాయనో! ఏందిరా ఇది!" అని ఆయన కల్లం వైపు చూసి కేక పెట్టాడు.

చూద్దును కదా, ఏడుగురూ కల్లం చుట్టూ కూర్చుని కాయల తొడిమలు తీసేస్తున్నారు! కేంద్రంలో మిరపకాయ కనిపిస్తే చేసే పని అదే మరి. కారం పట్టేవాళ్ళు తొడిమ తీయమని పంపుతారు. ఇక్కడి కాయ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాలి, తొడిమ పోతే కాయ నిలవుండదు. అప్పటికే గంపెడు కాయలు బోడి అయిపోయాయి. హర్ష లేచి, "మీరు కంగారుపడకండి, సాయంత్రానికి మొత్తం చేసేస్తాం" అని రైతుకి ధైర్యం చెప్పాడు.

కోటేశ్వరరావు గారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆయన భార్య వచ్చి గంపలో చెయ్యిపెట్టి చూసింది. "అరవకయ్యా. ఎంత శుభ్రంగా తీశారో చూడు, ఒక్క గింజ రాలలేదు. మన ఇంటి కారానికి నేను తీసుకునే పని తప్పింది" అంది. ఆయన ఇంకా మూలుగుతూనే సైదా కూర్చున్న చోటికి వచ్చి ఆగాడు. దాని ముందు రెండు కుప్పలున్నాయి. ఒకటి ఎర్రకాయలు, ఇంకొకటి తెల్లమచ్చల తాలు కాయలు. ఎవరూ చెప్పకుండానే ఏరి పెట్టింది.

"నీకు తాలు ఏరడం కూడా వచ్చా పిల్లా?"

నా నోట్లోకి మాట వచ్చేసింది. టీచరు నా మోచెయ్యి పట్టుకుంది. మింగేశాను, దగ్గొచ్చింది. సైదా ఆయనవైపు చూసి నవ్వింది, అంతే.

ఆ తర్వాత అందరి చేతులూ భగభగ. ఆ ఇల్లాలు గిన్నెడు మజ్జిగ తెచ్చి పిల్లల చేతులు అందులో ముంచింది. రాత్రి గోంగూర పచ్చడి, పప్పుచారు, నూనెలో వేయించిన ఊరమిరపకాయలు పెట్టింది. పగలంతా మిరపకాయలతో కుస్తీ పట్టినా ఊరమిరపకాయ వద్దన్నవాళ్ళు మాలో ఒక్కరు లేరు. మా ఇళ్ళల్లో చుట్టం భోంచేస్తుంటే పక్కన నిలబడి వడ్డిస్తాం. ఆవిడ మాతోపాటే కంచం పెట్టుకుని కూర్చుంది. నాకది భలే నచ్చింది.

సింగరాయకొండ

ఒంగోలు దాటాక నేల మారిపోయింది. పొగాకు కాల్చే బ్యారన్లు, జామాయిల్ తోటలు, నీళ్ళ డబ్బాలు కట్టుకున్న మోటారు సైకిళ్ళు. మా పొన్నూర్లో కాలవ లేని దారి ఉండదు. ఇక్కడ తాగే నీళ్ళు కొనుక్కోవాలట. అంత నీటి కరువు ఊళ్ళ పక్కనే అంత సముద్రం ఉండటం నాకు విడ్డూరంగా తోచింది.

కొండమీద నరసింహస్వామి గుడి మెట్ల దగ్గర పిల్లలు వరసలో నిలబడ్డ తీరు చూసి తీరాలి. వెనకనుంచి ఒక పెద్దమనిషి తోసుకుని ముందుకొస్తే హర్ష, "వరసలో రండి బాబాయ్, స్వామి ఎక్కడికీ పోడు" అన్నాడు. ఆయన సిగ్గుపడి వెనక్కి వెళ్ళాడు. గుడి అయ్యాక పాకల దగ్గర సముద్రానికి వెళ్ళాం. ఎగసిపడే అలలు చూసి నేను ఒడ్డునే ఆగిపోయాను. జోడీని కదా, సైదా నా చెయ్యి పట్టుకుని మోకాళ్ళ లోతుదాకా లాక్కుపోయింది. నేను కెవ్వుమన్నప్పుడల్లా అది విరగబడి నవ్వింది. అంత నవ్వు నేను దాని మొహంలో ఎప్పుడూ చూడలేదు.

ఒడ్డున పాకలో చేపల పులుసు అన్నం తిన్నాం. వడ్డించే ఆవిడ సైదాని ఎగాదిగా చూసి, "ఏమైందమ్మా ఈ పిల్లకి?" అంది నాతో.

"ఏమీ కాలేదు, ఆకలైంది. ఇంకో రెండు ముక్కలు వెయ్యి" అన్నాను.

ఆవిడ నాలుక కరుచుకుని మూడు వేసింది. ఇది జోడీ బదులు మాట్లాడటం కిందకి వస్తుందా అని టీచర్ని అడిగాను. "ఇది రాదులెండి" అంది టీచరు, తనకీ ఇంకో ముక్క వేయించుకుంటూ.

ఆ సాయంత్రం ఇసుకలో సైదా పక్కన కూర్చుని బతిమాలాను. "రేపు ఆయనతో ఒక్క మాట అనమ్మా. నీ పేరు చెప్పు చాలు." అది వింది. ఇసుకని గుప్పిట్లో నొక్కి నొక్కి ముద్ద చేస్తూ ఉండిపోయింది.

చిలకలూరిపేట

మూడోరోజు తిరుగు ప్రయాణం. చిలకలూరిపేట బస్టాండులో బస్సు కాసేపు ఆగింది. జామకాయలు కొందామని దిగాను. ఇక్కడే నా నోరు నన్ను ముంచింది. ఆ బండివాడు పైన దోరవి పేర్చి కింద మెత్తవి దాచాడు. నేను ఊరుకుంటానా?

"ఏమయ్యా, నన్ను చూస్తే అంత అమాయకురాలిలా కనపడుతున్నానా?"

"అన్నీ ఒక చెట్టువే అక్కా!"

"అయితే ఆ కింద కాయ నువ్వు తిను, చూస్తాను."

వాడు నిజంగానే కొరికాడు. లోపల పురుగు. నేను గెలిచాను. గెలిచి వెనక్కి తిరిగితే బస్సు లేదు! బస్టాండు గేటు వైపు వెళ్ళిపోతోంది. ఫోను, సంచీ, సైదా అన్నీ అందులోనే. "ఆపండోయ్!" అని అరుస్తూ పరిగెత్తాను. చెప్పు తెగింది. గేటు దగ్గర మలుపు తిరిగి రోడ్డెక్కబోయిన బస్సు గభాలున ఆగింది.

లోపల జరిగింది తర్వాత టీచరు చెప్పింది. వెనక సీట్లో ఒక పిల్లకి వాంతులైతే టీచరు ఆ హడావుడిలో ఉంది. "అందరూ ఎక్కారా?" అని కండక్టరు అడిగాడట. "ఎక్కాం!" అన్నాడట మా హర్ష. బస్సు కదిలింది. సైదా మాత్రం నిలబడే ఉంది. కండక్టరు కూర్చోమన్నాడు. కూర్చోలేదు. పడతావు కూర్చోమని కసిరాడు. అప్పుడది సీట్లు పట్టుకుంటూ వెళ్ళి ఆయన చేతిలో టిక్కెట్ల మిషను పట్టుకుని గట్టిగా అందట:

"ఆపు. నా జోడీ రాలేదు."

"జోడీ ఎవరమ్మా?"

"మా అమ్మ."

ఆయన బెల్లు కొట్టాడు. నేను తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఎక్కేసరికి బస్సంతా నన్నే చూస్తోంది. కండక్టరు నన్ను చడామడా తిట్టాడు. ఒక్క తిట్టూ నా చెవికెక్కలేదు. సైదా నన్ను సీటు దాకా తీసుకెళ్ళి, నేను కూర్చున్నాక తను కూర్చుంది. కండక్టర్ని "ఆపండి" అనాలిగానీ "ఆపు" అంటారా అని టీచరు మందలించబోయి, తనే కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం గుంటూరు వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. చాలా సంతోషంగా ఏడ్చాను.

మళ్ళీ గుంటూరు

ఇక భయమేముంది అనుకుంటూ సాంబశివరావు గారి షెడ్డుకి వెళ్ళాను. తీరా ఆయన "బాగున్నావా అమ్మా?" అంటే సైదా మళ్ళీ తలొంచుకుంది. "నీ పేరేంటి?" అన్నాడు. లేదు. నా ప్రాణం ఉసూరుమంది. బస్సు సంగతి టీచరు చెప్పింది. ఆయన విన్నాడు గానీ, "అది మీ ముందు. ఇక్కడ కావాలి కదండీ" అన్నాడు. "సరే, కూర్చో తల్లీ, ఇంకో దిండు కూరు, చూద్దాం."

సైదా కూర్చోలేదు.

"ఏం, కూర్చోవేం?"

నిలబడే ఉంది. షెడ్డులో ఆడవాళ్ళందరూ పని ఆపి చూస్తున్నారు. అది నావైపు చూసింది. నాకు అర్థమైంది. నేను వెళ్ళి ఆ చాప మీద కూర్చుంటే అదీ కూర్చుంటుంది, దిండూ కూరుతుంది. ఆ తర్వాత మేమిద్దరం ఎప్పటిలాగా పొన్నూరు వెళ్ళిపోతాం. ఒక అడుగు ముందుకేశాను కూడా. మళ్ళీ వెనక్కి వేశాను. వెనక్కే నడిచి, గుమ్మం దాటి, బయట వసారాలో నిలబడ్డాను. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సైదా నన్ను చూసింది. ఆ చాపని చూసింది. పనిచేసేవాళ్ళని చూసింది. చివరికి ఆయనవైపు తిరిగింది.

"ఇక్కడ నా జోడీ ఎవరు?"

ఆయనకి అర్థం కాలేదు. టీచరు రూలు చెప్పింది. ఈలోగా మిషను పక్కనుంచి ఒక పెద్దావిడ చేతులకంటిన దూది దులుపుకుంటూ వచ్చి చాప మీద చతికిలబడింది.

"నేనేనమ్మా. నాగూర్‌బీని. రా, కూర్చో."

సైదా కూర్చుంది. గలీబు అందుకుని ముందు మూలలు నింపడం మొదలుపెట్టింది.

పొన్నూరు

సోమవారం పొద్దున్నే పొన్నూరు బస్టాండుకి వెళ్ళాను. సైదా కొత్త పంజాబీ డ్రెస్సు వేసుకుంది, టిఫిన్ బాక్సు తనే పట్టుకుంది. నాగూర్‌బీ ముందు ఎక్కి కూర్చున్నాక అది కిటికీ పక్కన కూర్చుంది. నేను కింద నిలబడి అన్నం తినమ్మా, మిషన్ దగ్గరికి వెళ్ళకమ్మా అని ఏదేదో చెప్తున్నాను. కండక్టరు వాళ్ళ సీటు దగ్గరికి వచ్చాడు. అది కార్డు చూపించింది.

"ఎక్కడికమ్మా?"

నా నోరు తెరుచుకుంది. గబుక్కున మూసేశాను.

"గుంటూరు" అంది సైదా.